పనికిమాలిన అల్లికలు

“ఇంతకీ ఇది దేనికి పనికొస్తుంది?” ఇంటిపట్టున కూర్చుని చేత్తో వింత వస్తువులు చేసుకునే వారెవరికైనా ఈ ప్రశ్న తప్పదు. నా బల్ల మీద ఎర్ర ఊలుతో అల్లిన వస్తువొకటి ఉన్నది. పరిస్తే పరుచుకోదు, నెత్తిన పెట్టుకుంటే టోపీ కాదు. కోడిజుట్టు పువ్వులా మడతలు మడతలుగా ముడుచుకుని కూర్చుంటుంది. చూసినవారందరూ పై ప్రశ్నే వేస్తారు. పనికి రాకపోవడం ఆ వస్తువు దోషం కాదనీ, అడిగే ప్రశ్నలోనే ఒక మెలిక ఉన్నదనీ నా అభిప్రాయం.

ముందుగా ఒక తేడా చెప్పుకోవాలి. పై విలువ అచ్చువేసిన కాఫీ కప్పు, సున్నాలూ ఒకట్లూ ముద్రించిన చొక్కా అంగట్లో దొరుకుతాయి. వాటిని కొనుక్కున్నవాడు తన అభిరుచి నలుగురికీ చాటుకుంటాడు, అంతవరకే. (మనవాళ్ళు “గీకు” అనే మాటను తెలుగులో రాసినప్పుడల్లా నాకు కొబ్బరి చిప్ప గుర్తుకొస్తుంది, ఆ సంగతి వదిలేద్దాం.) నేను చెప్పదలచినవి వేరు. వాటిలో గణితమో సాంకేతికమో పైన అంటించిన బొమ్మగా ఉండదు. అది తీసేస్తే వస్తువే మిగలదు.

నా ఎర్ర ఊలు పువ్వు కథే చూడండి. దాని అసలు పేరు అతిపరావలయ తలం. ఒక సరళరేఖకు, దాని వెలుపలి బిందువు గుండా ఒకే ఒక సమాంతర రేఖ ఉంటుందని మనం బడిలో చదువుకున్నాం. అలా కానక్కరలేదని 1829లో లొబచెవ్‌స్కీ, 1832లో బోయాయ్ ఎవరికి వారుగా ప్రకటించారు. వారి జ్యామితి సరైనదే, కానీ దాన్ని చేత్తో తాకేదెలా? ఆ తలాన్ని పూర్తిగా, అంచులేకుండా, నునుపుగా మన త్రిమితీయ ప్రదేశంలో ఇమడ్చడం సాధ్యం కాదని 1901లో హిల్బర్ట్ నిరూపించాడు. చిన్న ముక్క చేసుకోవడానికి మాత్రం అభ్యంతరమేమీ లేదు. 1970లలో విలియం థర్‌స్టన్ కాగితపు పట్టీలను అంటించి అటువంటి ముక్కలు చేసే ఉపాయం చెప్పాడు. కాగితం కదా, నాలుగు చేతులు మారేసరికి చిరిగిపోయేది.

1997లో కార్నెల్ విశ్వవిద్యాలయపు గణితాచార్యురాలు డైనా టైమినా, శిథిలావస్థలో ఉన్న అటువంటి కాగితపు నమూనాను చూసి, దీన్ని ఊలుతో అల్లవచ్చు కదా అనుకున్నది. లాట్వియాలో పుట్టి పెరిగిన మనిషి, అల్లిక చిన్నప్పటి విద్య. ముందు రెండు సూదులతో అల్లి చూసింది. వరుస వరుసకూ కుట్లు పెరిగిపోయి సూది మీద పట్టలేదు. అప్పుడు కొక్కెం ఉన్న క్రోషియా సూది పట్టింది. ఇందులో సూది మీద ఎప్పుడూ ఒకటి రెండు ఉచ్చులే ఉంటాయి కనుక వరుస ఎంత పొడవైనా చిక్కు లేదు. పెద్ద పెద్ద గణితవేత్తలకు అంతవరకు ఎందుకు తట్టలేదంటే, వారి చేతికి ఆ సూది అలవాటు లేదు గనుక! ఆమె ఈ విషయంపై రాసిన పుస్తకం 2009లో వెలువడింది. విచిత్రమైన శీర్షికలకిచ్చే డయాగ్రమ్ బహుమతి మొదట వచ్చింది. 2012లో అదే పుస్తకానికి గణిత గ్రంథాలకిచ్చే ఆయిలర్ బహుమతి వచ్చింది. నవ్వు ముందు, గౌరవం తరువాత.

చేసే పద్ధతి చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. ఇరవై కుట్లతో మొదలుపెట్టి, ప్రతి వరుసలోనూ ప్రతి ఐదో కుట్టులో ఒకటికి బదులు రెండు వేయాలి. ఈ నిష్పత్తి చివరిదాకా మారకూడదు. పదో వరుస ముగిసేసరికి ఇరవై కుట్లు సుమారు నూట ఇరవై నాలుగవుతాయి, ఇరవయ్యో వరుసకు ఏడు వందల అరవై పైచిలుకు. ఘాతీయ వృద్ధి అనే మాటను నేను ఎన్నోసార్లు వాడాను; దాని బరువు వేళ్ళకు తెలిసింది మాత్రం పదిహేనో వరుస దగ్గర. గుడ్డకు చోటు చాలక తనంతట తానే మడతలు పడటం మొదలవుతుంది. మనం మడవనక్కరలేదు. తరువాత ఆ అల్లికను మడిచి, మడత వెంబడి వేరే రంగు దారంతో కుడితే అదే సరళరేఖ. పక్కనున్న బిందువు గుండా అలాగే మూడు నాలుగు మడతలు వేసి కుట్టి చూడండి. ఒక్కటీ మొదటి రేఖను తాకదు. యూక్లిడ్ ఐదో సూత్రం మీ ఒడిలో తప్పిపోతుంది.

ఇదే దారిలో 2004లో హింకె ఒసింగా, బెర్న్డ్ క్రౌస్కోఫ్ అనే గణితవేత్తలు లోరెంజ్ సమీకరణాలకు చెందిన ఒక తలాన్ని అల్లే పద్ధతి ప్రకటించారు. ఒసింగా అల్లినదానిలో 25,511 కుట్లు, పట్టిన కాలం 85 గంటలు. నాకు అంత ఓపిక లేదు.

మన లిపి ప్రేమికుల కోసం ఒక సొంత ప్రయోగం. మ్యాటీ గుడ్డ మీద గళ్ళు లెక్కపెట్టి క్రాస్ కుట్టుతో “స్త్రీ” అని కుట్టాను. యూనికోడులో ఆ ఒక్క అక్షరం ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. సంకేతానికొక రంగు దారం అనుకుని కూర్చుంటే పొల్లుకు కుట్టడానికేమీ లేదు. తను కనిపించకుండానే తకారాన్నీ రకారాన్నీ ఒత్తులుగా దించుతుంది. అన్నిటికంటే చివర నమోదయ్యే గుడిదీర్ఘం పోయి మొదటి సకారం నెత్తినెక్కుతుంది. ఏళ్ళ తరబడి టైపు చేస్తున్నా ఇంత దగ్గరగా చూసింది సూది పట్టాకనే.

ఇక ఆ ప్రశ్నలోని మెలిక సంగతి. క్రోషియా సూది మన దేశానికి కొత్తది కాదు. పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం చుట్టుపక్కల పల్లెల్లో స్త్రీలు పందొమ్మిదో శతాబ్దం నుంచీ లేసు అల్లుతున్నారు. స్కాట్లాండు మిషనరీలు నేర్పిన విద్య. ఆ లేసు సముద్రాలు దాటి అమ్ముడుపోయింది. 1982లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త వారి మీద ఒక పుస్తకం రాసింది. ఇంటిచాకిరీ గాక రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే ఆ స్త్రీలను గృహిణులనీ, వారి పనిని తీరిక వేళల కాలక్షేపమనీ పిలవడం వల్లనే కూలి అంత తక్కువగా ఉండగలిగిందని ఆమె వాదన. నాకది తిరుగులేని వాదనగా తోస్తుంది. అపోలో నౌకల కంప్యూటరుకు శాశ్వత స్మృతిని కూడా మసాచుసెట్స్‌లోని వాల్తమ్‌లో, రేథియాన్ కర్మాగారంలో స్త్రీలే తీగలతో అల్లారు. తీగ అయస్కాంతపు ఉంగరంలోంచి పోతే ఒకటి, పక్కనుంచి పోతే సున్నా. దానికి ఇంజనీర్లు సరదాగా పెట్టుకున్న పేరు ముసలమ్మల స్మృతి. చంద్రుడి దాకా వెళ్ళినా పేరు మాత్రం అదే.

అంచేత “దేనికి పనికొస్తుంది” అన్న ప్రశ్నను వస్తువును చూసి అడగరు, అల్లిన చేతిని చూసి అడుగుతారు. నెల జీతం తీసుకునే నాబోటివాడు అల్లితే అది చమత్కారం, మేధావి వినోదం. నర్సాపురం దగ్గర అరుగు మీద కూర్చున్నామె అల్లితే ఊసుపోక చేసిన పని. సూది అదే, కుట్టు అదే, ఆమె చేతివేగంలో పదోవంతు నాకు లేదు. నా వినోదం మానుకోవాలని దీని అర్థం కాదు. వేళ్ళకు తెలిసిన గణితం మరోలా రాదు, మగవాళ్ళు సూది పట్టడం అన్నివిధాలా మంచిది. కానీ నా ఊలు పువ్వును మెచ్చుకున్న మిత్రుడే లేసు మేజాగుడ్డ దగ్గర వంద రూపాయలు తగ్గించమని గంటసేపు బేరమాడితే నాకు కష్టంగా ఉంటుంది. నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ముద్ర కూలిగా ఎంత మారిందో అల్లేవారే చెప్పాలి.

మీలో ఎవరైనా పైన చెప్పిన తలాన్ని అల్లదలిస్తే మెత్తని ఊలు వద్దు, అక్రిలిక్ మేలు. కుట్లు బిగువుగా పడితేనే మడత నిలుస్తుంది. ఇరవై వరుసలు అనుకుంటే ఊలు ఉండలు సరిపడా ముందే తెచ్చుకోండి. చివరి నాలుగు వరుసలకే సుమారు సగం ఖర్చవుతుంది.