ముగ్గురు గురువులు, ఒకటే కంచం

విశాఖ ఆర్కే బీచ్‌లో తెల్లవారుజామున నడిచేవాళ్ల మాటలు వింటే రాజకీయాల తర్వాత వినిపించేది షుగరే. రోడ్డు పక్క బళ్ల మీద కాకర రసం, గోధుమగడ్డి రసం, చోడి (రాగి) జావ వరుసగా పెట్టి ఉంటాయి. ఒకాయన కళ్లు మూసుకుని కాకర రసం గుటకేస్తాడు. మొహం చిట్లించి, మొక్కు తీరినట్టు గ్లాసు కింద పెడతాడు. కాసేపటికి ఆయనే టిఫిన్ బండి దగ్గర ఉప్మా పెసరట్టు రెండోది వేయించుకుంటుంటాడు. అదేంటండీ అంటే, ‘పొద్దున్నే చేదు తాగేశాను కదా, ఏటీ అవదు’ అంటాడు. పాపం ఒక చోట చేసి పరిహారం ఇంకో చోట చెల్లించే గుడి లెక్క ఇది. రక్తానికి ఆ లెక్క తెలీదు.

టైప్ 2 మధుమేహాన్ని తిండి మార్పుతో అదుపు చేయొచ్చన్నది నిజం. కొందరిలో మందులు పూర్తిగా ఆపగలిగే స్థితి కూడా వస్తుంది. దీన్ని ముందే ఒప్పుకోకపోతే మన హేతువాదం కూడా మరో మూఢనమ్మకమే. నా పేచీ తిండితో కాదు, తిండి చుట్టూ అల్లిన భక్తితో.

తెలుగునాట ముగ్గురి పేర్లు ఇంటింటా మోగాయి. మంతెన సత్యనారాయణరాజు ఉప్పూ నూనే మానమన్నారు. వీరమాచనేని రామకృష్ణ అన్నం పక్కనపెట్టి కొబ్బరినూనె, నెయ్యి పట్టించమన్నారు. ఖాదర్ వలీ కొర్ర, అండుకొర్ర, సామ, ఊద, అరికలే సిరిధాన్యాలన్నారు. ఒకరు విషమన్నది ఇంకొకరికి అమృతం. గాజువాకలో అడిగినా, ఉక్కునగరం క్వార్టర్లలో అడిగినా మూడు మార్గాలకూ భక్తులు దొరుకుతారు. ‘నాకు మాత్రలు పోయాయండీ’ అని సాక్ష్యం చెప్పేవాళ్లూ మూడింటికీ ఉంటారు. వాళ్లు అబద్ధమాడుతున్నారని నేననను. కానీ ఒకదాన్నొకటి కొట్టేసే మూడు సిద్ధాంతాలు ఒకే ఫలితమిచ్చాయంటే, కారణాన్ని వాటి తేడాల్లో కాదు, ఉమ్మడిగా ఉన్నదాంట్లో వెతకాలి. మూడింట్లోనూ పూట పూటా గుట్టలా పోసుకునే తెల్లన్నం కంచంలోంచి పోయింది. చిరుతిళ్లు పోయాయి. ఒళ్లు తగ్గింది. ఘనత మాత్రం గురువుగారి ఖాతాలో పడింది.

ఈ ఊహను పరీక్షకు పెట్టినవాళ్లున్నారు. బ్రిటన్‌లో రాయ్ టేలర్, మైక్ లీన్ నడిపిన ‘డైరెక్ట్’ అధ్యయనం ఫలితాలు 2017 డిసెంబరులో వచ్చాయి. జబ్బు బయటపడి ఆరేళ్లు దాటనివాళ్లనీ, ఇన్సులిన్ వాడనివాళ్లనీ తీసుకున్నారు. మూడు నుంచి ఐదు నెలలు రోజుకు దాదాపు 850 కేలరీలతో, పొడి కలుపుకునే సూపులూ షేకులూ ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మంది మందుల్లేకుండానే మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీని 6.5 లోపు నిలబెట్టుకున్నారు. 15 కిలోలూ ఆపైన తగ్గినవాళ్లలో అది 86 శాతం. రెండో ఏటికి ఆ 46 కాస్తా 36కి దిగింది. కాలేయంలో, క్లోమంలో పేరుకున్న కొవ్వు కరగడమే అందులో కిటుకని పరిశోధకులు చెబుతారు. ఆ సూపుల్లో కొర్రల్లేవు, కొబ్బరినూనె పూజ లేదు. ఎవరికి పనిచేసింది, ఎవరికి పనిచేయలేదు, ఎన్నాళ్లు నిలిచింది అన్నదీ దాచలేదు. గురువుల సభల్లో వేదికెక్కేది గెలిచినవాడే. ఓడినవాడు ‘నియమం తప్పాను’ అనుకుని ఇంట్లో కూర్చుంటాడు.

ఇక చిరుధాన్యాలు. పోషకాహార పట్టికలు చూస్తే 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు, చోడిలో 70 దరిదాపు, కొర్రల్లో 60 పైచిలుకు. పీచు ఎక్కువ, మేలే. కానీ ‘ఎంత తిన్నా ఫర్లేదు’ అనే ధాన్యం భూమ్మీద లేదు. మెత్తగా పిండి పట్టించి జావ కాస్తే చోడి కూడా గబగబా చక్కెరవుతుంది. రాత్రి అన్నం మానేసి నాలుగు చపాతీలు లాగించి, పథ్యం చేశామనుకునేవాళ్లదీ ఇదే కథ. అనకాపల్లి పక్కనే ఉంది గనక మనవాళ్లకు బెల్లం మీద ఉన్న మమకారం చెప్పక్కర్లేదు. పంచదార విషం, బెల్లం ఔషధం అంటారు. అవే పట్టికల్లో 100 గ్రాముల పంచదారకు 398 కేలరీలు, బెల్లానికి 383. షుగరు రోగికి ఆ పదిహేను కేలరీల తేడా ఏం ఒరగబెడుతుంది?

శనివారం ఒంటిపూట సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం పూర్తి కాదు. మధ్యాహ్నం భోజనం, రాత్రి ‘ఉపవాసం’. ఆ ఉపవాసంలో ప్లేటు నిండా బొంబాయిరవ్వ ఉప్మా, రెండు అరటిపళ్లు, ప్రసాదంగా కాస్త చక్రపొంగలి. పొద్దున ఎప్పటిలాగే గ్లిమెపిరైడ్ మాత్ర. నిజంగానే ఏమీ తినకుండా ఉంటే ఇంకా ప్రమాదం, ఆ మాత్రకు చక్కెర పడిపోయి మనిషి తూలిపోతాడు. డాక్టరుతో మోతాదు మాట్లాడకుండా చేసే ఉపవాసం ఏ దేవుడి పేరున చేసినా ఒకటే.

అసలు నష్టం ఇక్కడే ఉంది. ‘ఇంగ్లీషు మందులు కిడ్నీలు తినేస్తాయి’, ‘ఇన్సులిన్ మొదలెడితే ఇక వదలదు’ అన్న మాటలు విని మాత్రలు పారేసేవాళ్లున్నారు. కిడ్నీలను తినేది ఏళ్ల తరబడి అదుపు తప్పిన షుగరూ బీపీలే. టైప్ 1 ఉన్న పిల్లలకు ఇన్సులిన్ ఆపితే రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. మొక్కల మీద నాకేం చిన్నచూపు లేదు. మనం రోజూ మింగే మెట్‌ఫార్మిన్ మూలం గలీగా అనే యూరప్ మొక్కలో ఉంది. దాన్ని పరీక్షించి, విషగుణం తగ్గించి, మోతాదు తేల్చాకే 1957లో ఫ్రాన్స్‌లో జీన్ స్టెర్న్ మధుమేహ రోగుల మీద వాడిన ఫలితాలు ప్రకటించాడు. కుండీలోని ‘ఇన్సులిన్ మొక్క’ ఆకు నమిలేవాళ్లు ఆ మోతాదు ఎవరు తేల్చారో అడగాలి.

తిండి మార్చుకోమనడం తేలికే, మార్చుకోవడమే కష్టం. 1983లో కిలో రెండు రూపాయల పథకంతో పేదింటికి తెల్లబియ్యం చేరి ఆకలి తీర్చింది, దాన్ని తప్పుపట్టను. ఇవాళ కొర్రల ధర బియ్యానికి మించి ఉంది. రాత్రి సి షిఫ్టు చేసి వచ్చేవాడికి వేళకు తిండి కుదరదు. అందుకే సలహా అందరూ చేయగలిగేదిగా ఉండాలి: కంచంలో సగం కూర, పావు పప్పో చేపో గుడ్డో, మిగతా పావే అన్నం. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ. తగ్గితే మందు తగ్గించే సంగతి డాక్టరుతో తేల్చుకోండి.

డయాబెటిస్‌ను నయం చేస్తామని ప్రకటించడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. ‘షుగర్‌కు శాశ్వత పరిష్కారం’ అన్న బోర్డు మీ వీధిలో కనిపిస్తే ఫొటో తీసి ఔషధ నియంత్రణ అధికారులకు ఫిర్యాదు చేయండి.