గుర్రపుశాల మొత్తానికీ హెర్పిస్ టీకా

2021 ఫిబ్రవరిలో స్పెయిన్‌లోని వాలెన్సియాలో జంపింగ్ పోటీలకు వందల గుర్రాలు వచ్చాయి. కొద్ది రోజుల్లోనే శాలల్లో జ్వరాలు మొదలయ్యాయి. కొన్ని గుర్రాలు వెనక కాళ్ల పట్టు తప్పి కూలబడ్డాయి. అక్కడ మొదలై ఇతర దేశాలకూ పాకిన ఆ వ్యాధికి 18 గుర్రాలు బలయ్యాయి. కారణం ఈక్వైన్ హెర్పిస్‌వైరస్-1. ఐరోపాలోని పలు దేశాల్లో అంతర్జాతీయ పోటీలు వారాల తరబడి ఆగిపోయాయి.

ఈ వైరస్‌కు టీకాలు దశాబ్దాలుగా ఉన్నాయి. అయినా వ్యాధి ఎందుకు వస్తోంది?

వైరస్ ముక్కు లోపలి పొర ద్వారా ప్రవేశిస్తుంది. టీకా వల్ల తయారైన యాంటీబాడీలు కణాల బయట ఉన్న వైరస్‌ను పట్టుకోగలవు. కానీ అది త్వరలోనే తెల్ల రక్తకణాల్లో దూరి, వాటితోపాటే గర్భాశయానికీ వెన్నుపాముకూ చేరుతుంది. కణం లోపల ఉన్న వైరస్ యాంటీబాడీలకు దొరకదు. సోకిన కణాన్నే చంపే టి కణాలు అక్కడ అవసరం. విరివిగా వాడే నిర్జీవ టీకాలు వాటిని అంత బలంగా ప్రేరేపించలేవు. టీకా ఇచ్చే రక్షణ కూడా కొన్ని నెలలే. పైగా ఒకసారి సోకిన వైరస్ ఒంట్లోనే నిద్రాణంగా ఉండి, ప్రయాణ బడలికకో మరో ఒత్తిడికో మళ్లీ మేల్కొంటుంది.

అలాగని టీకా వృథా అనుకోవడం పొరపాటు. టీకా పడిన గుర్రానికి వ్యాధి సోకినా సాధారణంగా తీవ్రత తగ్గుతుంది, ముక్కు నుంచి వెలువడే వైరస్ కూడా తగ్గుతుంది. అసలు ప్రయోజనం ఇక్కడే ఉంది. ఒక జబ్బు గుర్రం సగటున ఒకటి కంటే ఎక్కువ గుర్రాలకు అంటిస్తే వ్యాధి పెరుగుతుంది. ఆ సగటు ఒకటి కంటే తగ్గితే దానంతటదే ఆరిపోతుంది. శాలలో ఒకటి రెండు గుర్రాలకే టీకా వేస్తే ఈ లెక్క పెద్దగా మారదు. అన్నిటికీ వేస్తే మారే అవకాశం ఉంది.

మన దేశంలోనూ హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం స్థానిక వైరస్ రకంతో నిర్జీవ టీకాను రూపొందించింది. గర్భస్రావాలను నివారించడానికి చూడి గుర్రాలకు 5, 7, 9 నెలల్లో టీకా వేయడం ప్రామాణిక పద్ధతి. అక్కడితో ఆగకుండా, వాటితో కలిసి ఉండే గుర్రాలన్నిటికీ వేయించాలన్నది నా అభిప్రాయం.

దాంతోపాటు యజమానులకు నిజం చెప్పాలి. పక్షవాతం లాంటి నాడీ లక్షణాల నుంచి కాపాడతామని హామీ ఇచ్చే టీకా ఏదీ లేదు. ఈ మాట ముందే చెప్పకపోతే, టీకా వేసిన గుర్రం జబ్బుపడిన రోజున యజమానికి టీకా మీదే నమ్మకం పోతుంది. లేదా టీకా ఉందన్న ధీమాతో మిగతా జాగ్రత్తలు వదిలేస్తాడు. రెండూ ప్రమాదమే.

కొత్తగా వచ్చిన గుర్రాన్ని రెండు మూడు వారాలు విడిగా ఉంచాలి. రోజుకు రెండుసార్లు జ్వరం చూడాలి. 38.5 డిగ్రీల సెల్సియస్ దాటితే వెంటనే పశువైద్యుడిని పిలవాలి. టీకా చేయలేని పనిని చేయాల్సింది ఈ జాగ్రత్తలే.