లాగిన్ అయ్యాక మన తెలుగు ఎటు పోతోంది?

బళ్లారిలో డీటీపీ అంగడి నడిపేవాడికి రెండు లిపులు రాకుంటే పొద్దు గడవదు. పెళ్లికొడుకుది సిరుగుప్ప, పెళ్లికూతురుది ఆలూరు. పత్రికలో ఒక పక్క కన్నడం, ఇంకో పక్క తెలుగు. జీన్స్ కుట్టే యూనిట్ వాళ్లు ఆఫీసులో ఇచ్చే కాగితాలు కన్నడంలో కొట్టించుకుంటారు, గోడకంటించే పండగ సెలవు నోటీసు మాత్రం తెలుగులో కూడా కావాలంటారు. కౌల్ బజారులో మా అంగట్లో యంత్రాలన్నీ లినక్స్‌తోనే నడుస్తాయి. లైసెన్సు ఖర్చు లేదు, పాత కంప్యూటరు మీద కూడా పరిగెత్తుతుంది, యూనికోడ్ అక్షరాలు సరిగ్గా పడతాయి. మాలాంటివాళ్లకు ఇంతకంటే మేలైనది లేదని ఇప్పటికీ అంటాను. అందుకే దాని మీద నాకున్న ఫిర్యాదు కూడా గట్టిగానే చెప్పాలి.

ఫిర్యాదు ఏమిటంటే, మన భాష ఏదో కంప్యూటరుకు చెప్పే చోటు ఒక్కటి కాదు. పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వచ్చే ఆ రెండు మూడు సెకన్లలో యంత్రం ఏ ఫైలు చదివింది, ఏది వదిలేసింది అన్నదాన్ని బట్టి ఆ రోజంతా తెలుగు పడడమో పడకపోవడమో తేలిపోతుంది. ఆ సంగతి మామూలు మనిషికి ఎవరూ చెప్పరు.

మా దగ్గర పని నేర్చుకుంటున్న డిగ్రీ పిల్లగాడు ఒకరోజు పొద్దున్నే మొహం వేలాడేసుకుని వచ్చాడు. "అన్నా, టెర్మినల్లోంచి తెరిస్తే తెలుగు పడుతుంది. బొమ్మ నొక్కి తెరిస్తే పడదు. అదే ప్రోగ్రామ్, అదే ఫైలు. ఇదేం దయ్యమన్నా?" అన్నాడు. వాడిది తప్పేం కాదు. నెట్‌లో ఎవరో చెప్పినట్టే, ఐబస్‌ను వాడుకోమని చెప్పే మూడు వరుసలను డాట్ బ్యాష్ఆర్‌సీ అనే ఫైలు చివర రాసుకున్నాడు. ఐబస్ అంటే మనం కొట్టే మీటలను తెలుగు అక్షరాలుగా మార్చి ఇచ్చే ప్రోగ్రామ్. వాడు రాసిన వరుసల్లో అక్షరం తప్పు కూడా లేదు.

వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒకటి చూపించాను. లినక్స్‌లో ప్రాక్ అనే ఫోల్డరు ఉంటుంది. నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కూ అందులో ఒక నంబరు, ఆ నంబరు కింద ఎన్విరాన్ అనే ఫైలు. ఆ ప్రోగ్రామ్ మొదలైనప్పుడు దాని చేతికి ఏ సెట్టింగులు ఇచ్చి పంపారో అందులో ఉంటాయి. టెర్మినల్ నుంచి తెరిచినదాని ఫైలులో ఐబస్ పేరు కనబడింది. బొమ్మ నొక్కి తెరిచినదాంట్లో ఆ పేరే లేదు. పిల్లగాడు రెంటినీ పక్కపక్కన పెట్టి చూసి, "అంటే దీనికి తెలుగు సంగతి తెలియనే తెలీదన్నమాట" అన్నాడు.

సరిగ్గా అదే. లినక్స్‌లో ప్రతి ప్రోగ్రామూ ఇంకో ప్రోగ్రామ్‌కు పుడుతుంది. పుట్టేటప్పుడు తల్లి దగ్గరున్న సెట్టింగుల నకలు ఒకటి తెచ్చుకుంటుంది. బడికి పోయే పిల్ల సంచిలో పొద్దున పెట్టిందే ఉంటుంది కదా, మధ్యాహ్నం అమ్మ సంతలో కొన్నది అందులోకి రాదు. డాట్ బ్యాష్ఆర్‌సీని చదివేది మనం ఆదేశాలు టైపు చేసే బ్యాష్ అనే షెల్ ఒక్కటే, అదీ టెర్మినల్ తెరిచినప్పుడు. బొమ్మ నొక్కితే పుట్టే ప్రోగ్రామ్‌కు తల్లి ఆ షెల్ కాదు, డెస్క్‌టాప్. డెస్క్‌టాప్ దగ్గరున్నదంతా లాగిన్ సమయంలో సమకూరినదే. అందుకే ఇలాంటి మార్పు ఏది చేసినా ఒకసారి లాగౌట్ అయి మళ్లీ రావాలి.

ఈ గొడవకు మూలం చాలా పాతది. 1979లో బెల్ ల్యాబ్స్ విడుదల చేసిన, లినక్స్‌కు ముందున్న యూనిక్స్ ఏడో కూర్పుతో స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ వచ్చింది. డాట్ ప్రొఫైల్ అనే ఫైలు దాంతో వచ్చిందే. అప్పట్లో లాగిన్ అంటే టెర్మినల్ ముందు కూర్చుని పేరు, పాస్‌వర్డ్ కొట్టడం. కొట్టగానే చేతికి వచ్చేది షెల్. ఆ తర్వాత నడిపేవన్నీ దాని సంతానమే కాబట్టి, ఒక్కసారి డాట్ ప్రొఫైల్ చదివితే అందులోని సెట్టింగులు అన్నిటికీ అందేవి. 1988లో కీత్ ప్యాకర్డ్ రాసిన ఎక్స్‌డీఎం అనే లాగిన్ ప్రోగ్రామ్ వచ్చి బొమ్మల తెర మీదే లాగిన్ అయ్యే పద్ధతి మొదలైంది. అక్కణ్నుంచి లాగిన్ అయినవాడి చేతికి షెల్ రాదు, డెస్క్‌టాప్ వస్తుంది. షెల్ కోసం రాసిపెట్టుకున్న ఫైళ్లను ఎవరు చదవాలన్న ప్రశ్న కూడా ఆ రోజే పుట్టింది. దానికి ఇంతవరకు అందరూ ఒప్పుకున్న జవాబు లేదు.

కొన్ని లాగిన్ ప్రోగ్రాములు డాట్ ప్రొఫైల్‌ను తామే తెరిచి చదువుతాయి. అదీ బ్యాష్‌తో కాదు, దానికంటే చిన్నదైన మామూలు షెల్‌తో. బ్యాష్‌కే ప్రత్యేకమైన ముక్క ఏదన్నా అందులో ఉంటే అక్కడికి రాగానే తట్టుకుని పడతాయి. తెర మీద కిటికీలు చూపించే పాత ఎక్స్ పద్ధతికి బదులుగా 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ మొదలుపెట్టిన వేలాండ్ వచ్చాక దారి మళ్లీ మారింది. లినక్స్ రకాల్లో ఫెడోరా 2016 నుంచి, ఉబుంటు 2021 నుంచి దాన్నే ముందు పెట్టాయి. 2025 అక్టోబరు ఉబుంటులోనైతే గ్నోమ్ అనే డెస్క్‌టాప్‌కు పాత ఎక్స్ దారే తీసేశారు. వేలాండ్‌లో గ్నోమ్ తనను తాను లాగిన్ షెల్ ద్వారా మొదలుపెట్టుకుంటుంది. అది మన షెల్ ఏదైతే దాని ఫైళ్లే చదువుతుంది. బ్యాష్ వదిలి జీషెల్‌కు మారినవాడి డాట్ ప్రొఫైల్ అక్కడే ఉంటుంది, దాన్ని తెరిచేవాడు ఉండడు.

బ్యాష్ వాడేవాడికీ ఒక ఉచ్చు ఉంది. లాగిన్ షెల్‌గా మొదలైన బ్యాష్ మూడు పేర్ల కోసం వరుసగా వెతుకుతుంది. మొదట డాట్ బ్యాష్ అండర్‌స్కోర్ ప్రొఫైల్, తర్వాత డాట్ బ్యాష్ అండర్‌స్కోర్ లాగిన్, ఆఖరున డాట్ ప్రొఫైల్. ఏది ముందు దొరికితే అదొక్కటే చదివి ఆగిపోతుంది. మా వీధిలోనే ఒక అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామింగ్ సామగ్రి ఏదో ఎక్కించుకుంది. దాన్ని ఎక్కించే స్క్రిప్టు చెప్పాపెట్టకుండా మొదటి పేరుతో కొత్త ఫైలు పుట్టించి తన రెండు వరుసలు రాసుకుంది. మర్నాటి నుంచి ఆ అమ్మాయి డాట్ ప్రొఫైల్‌లో ఉన్న తెలుగు, కన్నడ సెట్టింగులన్నీ మాయం. చెరిగిపోలేదు, అక్కడే ఉన్నాయి. వాటి దాకా ఎవరూ పోవడం లేదంతే. పాపం, కీబోర్డు పాడయిందనుకుని కొత్తది కొనుక్కొచ్చింది.

ఇదంతా ఇంగ్లిష్ ఒక్కటే వాడేవాడికి తగలదు. ఏ ఫైలూ చదవకపోయినా వాడి ఇంగ్లిష్ వాడికుంటుంది. దెబ్బ తినేది మనలాంటివాళ్లం. లొకేల్, అంటే ఏ భాష, ఏ దేశం అని చెప్పే సెట్టింగు, ఏదీ పెట్టని యంత్రంలో తెలుగు పేరున్న ఫైళ్ల జాబితా అడిగి చూడండి. 'క' ఉండాల్సిన చోట 340, 260, 225 అని మూడు సంఖ్యలు వస్తాయి. కన్నడ క అయితే 340, 262, 225. నడిమి సంఖ్యలో రెండే తేడా. యూనికోడ్ పట్టికలో తెలుగు గడుల పక్కనే కన్నడ గడులు, మన క నుంచి వాళ్ల క సరిగ్గా 128 గళ్ల దూరం. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఆ దూరం కూడా లేదు, రెంటికీ ఒకటే మీట. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఖాయం చేసిన ఆ అమరిక నేర్చుకున్నవాడు తెలుగులో కొడుతూ కొడుతూ భాష మార్చి అవే వేళ్లతో కన్నడం కొట్టేయగలడు. సరిహద్దు జిల్లాకు ఇంతకన్నా పనికొచ్చే కీబోర్డు లేదు. అయినా బళ్లారి ఆఫీసుల్లో కన్నడం కొట్టే నుడి సాఫ్ట్‌వేర్ అమరికకే చెయ్యి అలవాటు. కె.పి. రావుగారి అమరికను ఆధారం చేసుకున్న నుడి అంటే కన్నడిగులకు మమకారం, దాన్ని కాదనను. లినక్స్‌లో అదీ ఉంది, కేజీపీ అన్న పేరుతో.

మా ఊరి రెండు భాషల వెనక ఒక పంపకం కథ కూడా ఉంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటుపోయాయి. బళ్లారి మైసూరులో కలిసింది. బళ్లారి తాలూకా ఎటు పోవాలో తేల్చడానికి న్యాయమూర్తి మిశ్రా గారితో ప్రత్యేకంగా విచారణే జరిపించారు. తెలుగు నటుడు బళ్లారి రాఘవ నాటకాలాడిన ఊరిది. ఆ పంపకంతో ఇళ్లలో మాట మారలేదు, ఆఫీసు కాగితం మారింది. లినక్స్ లొకేల్ రాసినవాళ్లకు ఈ కథ తెలిసి ఉండదు గానీ, వాళ్లు చేసింది మాకు బాగా కుదిరింది. తెలుగు లొకేల్‌లో భాష, దేశం ఉంటాయి, రాష్ట్రం ఉండదు. విజయవాడవాడికీ బళ్లారివాడికీ అదే తెలుగు. పైగా లాంగ్వేజ్ అనే వేరియబుల్‌లో భాషలను వరుసగా ఇచ్చుకోవచ్చు, తెలుగు, కన్నడం, ఇంగ్లిష్ అని. మెనూలో ఒక మాటకు తెలుగు అనువాదం లేకపోతే కన్నడంలో వెతుకుతుంది, అదీ లేకపోతేనే ఇంగ్లిష్. మా ఇంట్లో మాట్లాడేదీ ఇదే తీరు. కేడీఈ డెస్క్‌టాప్ సెట్టింగుల్లో ఈ వరుసను మౌస్‌తోనే పెట్టుకోవచ్చు. గ్నోమ్‌లో మాత్రం ఒకే భాష ఎంచుకోమంటారు. వరుస కావాలంటే మళ్లీ ఆ ఫైళ్ల దగ్గరికే పోవాలి.

దీనికి దారులు కనిపెట్టలేదని కాదు. గ్నోమ్ 2012లోనే ఐబస్‌ను తనలో కలుపుకుంది. అది వాడేవాళ్లకు కీబోర్డు బాధ చాలామటుకు తీరింది. పాత యంత్రాల్లో ఎక్స్ఎఫ్‌సీఈ లాంటి తేలికపాటి డెస్క్‌టాప్ వాడేవాళ్లకే ఆ మూడు వరుసల గోల మిగిలింది, అంటే డబ్బుల్లేనివాళ్లకు. 2017లో, యంత్రం మొదలవగానే మిగతా ప్రోగ్రాములను నడిపించే సిస్టమ్‌డీని రాసేవాళ్లు ఎన్విరాన్‌మెంట్ డాట్ డీ అనే ఫోల్డరు తెచ్చారు. ఆలోచన మంచిదే. పేరు, సమానం గుర్తు, విలువ, అంతే, షెల్‌తో పనిలేదు. కానీ సిస్టమ్‌డీ చేతుల మీదుగా నడిచే డెస్క్‌టాప్‌లకే అది అందుతుంది. దీనికి ముందు పామ్ ఎన్విరాన్‌మెంట్ అని హోమ్ ఫోల్డరులో ఇంకో ఫైలు ఉండేది. తర్వాత అది భద్రతకు మంచిది కాదని పక్కన పెట్టారు. చోటు మార్చిన ప్రతిసారీ పాత చోట రాసుకున్నవాడికి ఒక కబురైనా పంపాలి కదా! లాగిన్ తెర మీద "నీ పాత ఫైలు ఇకమీదట చదవం" అని ఒక్క వాక్యం చూపించడానికి ఏం కష్టం? బయటి దేశాల ప్రోగ్రామర్లకు ఇది చిన్న సంగతి. ఇక్కడ దాంతో ఒక పూట పని పోతుంది.

వాళ్ల సంగతి అలా ఉంచి మన సంగతి చూద్దాం. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడ్యాక్ వాళ్లు 2007 నుంచే బాస్ అనే భారతీయ లినక్స్ ఇస్తున్నారు. హైదరాబాదులో స్వేచ్ఛ అనే సంస్థ వాళ్లు తెలుగు కోసం ఎంత పని చేశారో ఆ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. కేరళ బడుల్లో పిల్లలు లినక్స్ మీదే మలయాళం టైపు నేర్చుకుంటున్నారు. ఒక్కో పిల్లవాడు ఫైలు తెరిచి సెట్ చేసుకోనక్కర్లేకుండా, యంత్రం ఎక్కించేటప్పుడే పైవాళ్లు అది చేసి పెట్టారు. మన కాలేజీ ల్యాబుల్లో జరుగుతున్నది వేరు. లినక్స్ పెడతారు, ఇంగ్లిష్ అని నొక్కి ముందుకు పోతారు. తెలుగు కావాలన్న పిల్లవాణ్ని నెట్‌లో చూసుకోమంటారు. నెట్‌లో ఒకడు డాట్ బ్యాష్ఆర్‌సీ అంటాడు, ఇంకొకడు డాట్ ప్రొఫైల్ అంటాడు. మూడోవాడు యాపిల్ కంప్యూటరు మీద కూర్చుని చెబుతుంటాడు, అక్కడ టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ లాగిన్ షెల్లే వస్తుంది. ముగ్గురూ తమ యంత్రం వరకు నిజమే చెబుతున్నారు.

ల్యాబులు చూసుకునే లెక్చరర్లకు, టెక్నీషియన్లకు నా మనవి ఒకటే. ఈటీసీ ఫోల్డరులో ఎన్విరాన్‌మెంట్ అనే ఫైలు ఉంటుంది. డెబియన్, ఉబుంటు రకం యంత్రాల్లో బొమ్మల తెర మీద లాగిన్ అయినా, నల్ల తెర మీద అయినా, దూరం నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో వచ్చినా దాన్ని చదువుతారు. మీరు వాడే షెల్ ఏదైనా దానికి పట్టదు. తెలుగు, కన్నడ లొకేల్‌లు ముందే తయారుచేసి, భాషల వరుసను, తేలికపాటి డెస్క్‌టాప్ అయితే ఐబస్ వరుసలను కూడా, అందులో పెట్టండి. షెల్ ఆదేశాలు, డాలరు గుర్తులు అందులో పనిచేయవు, విలువలు నేరుగా రాయండి. ఎందుకు అక్కడే పెట్టారో ఒక అరపేజీ తెలుగులో, ఒక అరపేజీ కన్నడంలో రాసి ల్యాబు గోడకు అంటించండి. రాసేవాళ్లు లేకపోతే మా అంగడికి పంపండి, కొట్టిస్తాను, డబ్బులు అక్కర్లేదు. అంతా అయ్యాక టెర్మినల్లో చూసి బాగుందనుకోవద్దు. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవండి, ఐకాన్ నొక్కి లిబ్రే ఆఫీస్ తెరిచి రెండు లిపుల్లోనూ 'క' కొట్టి చూడండి. అప్పుడు పడితేనే పని అయినట్టు.