హోటల్ కంటే ముందు దారి చూసుకోండి

బార్బడోస్‌లో సదస్సుకు పిలుపు రాగానే చాలామంది ముందు హోటల్ వెతుకుతారు. ముందు తేల్చుకోవాల్సింది దారి. భారతీయ పాస్‌పోర్టుతో సందర్శకులుగా ఆ ద్వీపానికి వెళ్లడానికి వీసా అక్కర్లేదు. కానీ మయామీలో విమానం మారాలంటే, ఎయిర్‌పోర్టు గడప దాటకపోయినా, అమెరికా వీసా ఉండాల్సిందే. దాని ఇంటర్వ్యూ తేదీకే నెలలు పట్టొచ్చు. పేపరు ఆమోదం పొందిన పరిశోధక విద్యార్థి ఆ ఒక్క స్టాంపు లేక ఆగిపోవడం అన్యాయం. దారి తేలాక తేదీలు చూసుకోండి: జూన్ నుంచి నవంబరు దాకా అట్లాంటిక్‌లో తుపాన్ల కాలం, సెప్టెంబరు మరీ గడ్డు నెల. అందుకే తేదీ మార్చుకోగల టికెట్టే కొనండి. సదస్సు నిర్వాహకులకు నా విన్నపం ఒకటే: ఆహ్వానపత్రం కనీసం ఆరు నెలల ముందు పంపండి.