నందలాల్ బోసుగారును మన డ్రాయింగు గంటయు

పరీక్షలు సమీపించినంతనే మొట్టమొదట బలియగునది డ్రాయింగు గంట. లెక్కల యుపాధ్యాయులో, ఇంగ్లీషు యుపాధ్యాయులో దానిని బదులడుగుదురు. డ్రాయింగు మాస్టరుగారు కాదనజాలరు. తలిదండ్రులును సంతసింతురు. "బొమ్మలు కూడు పెట్టునా?" యని మమ్ము ప్రశ్నించినవారును గలరు. అట్టివారికి శ్రీ నందలాల్ బోసుగారి చరిత్రము నించుక వినిపింపదలచితిమి.

వీరు 1882లో బీహారునందలి ముంగేరు జిల్లా ఖరగపురమున జన్మించిరి. కలకత్తాలో కళాశాల జేరి మొదటి తరగతి దాటలేక, కళాశాలలు మార్చి మార్చి మరల మరల తప్పిరి. (తప్పుటయే ఘనతయని బాలురు మా మాటలకు పెడర్థము తీయకుందురు గాక!) తుదకు 1905లో ఇంటివారిని సమ్మతింపజేసి చిత్రకళాశాలలో ప్రవేశించి, అవనీంద్రనాథ ఠాకూరుగారికి శిష్యులైరి. పిదప అజంతా గుహలలో హెరింగ్‌హాం దొరసానిగారితో కలిసి గోడచిత్రములకు ప్రతులు వ్రాసిరి. 1922 మొదలు శాంతినికేతనమున కళాభవనమునకు అధ్యక్షులుగా నుండిరి.

ఇంతటి చిత్రకారుడు పిల్లల వాచకములకును, పందిళ్ల యలంకారములకును కాలము వెచ్చింపనేల యని కొందరందురు. మేమంగీకరింపము. 1938లో గుజరాతునందలి హరిపురా కాంగ్రెసు మహాసభకై గాంధీమహాత్ముని కోరికపై వీరు వ్రాసిన బొమ్మలను చూడుడు. చేతికాగితముపై లావైన గీతలతో డోలు వాయించువాడు, దూదేకువాడు, దర్జీ, వడ్రంగి! చిత్రశాలల ముఖ మెరుగని పల్లెవారు చూచి తమ్ము తాము గుర్తింపవలెనని వ్రాసినవి. 80కి పైగా వీరి స్వహస్తముననే వెలువడినవి. తొందరలో వ్రాసినవి గదా యని తక్కువచేయువారు వానినుండి యొక్క గీతను తీసివేసి బొమ్మను నిలుపజూతురు గాక! రవీంద్రుల 'సహజ్ పాఠ్' అను బాలవాచకమునకు వీరు వేసిన నలుపు తెలుపు బొమ్మలు తలచినప్పుడు, మన వాచకముల బొమ్మలు గుర్తునకు వచ్చి, వంగదేశపు పిల్లలపై మా కసూయ కలుగును. 1950లో అమలునకు వచ్చిన భారత రాజ్యాంగపు చేవ్రాతప్రతిని అలంకరించినవారును వీరు, వీరి శిష్యులును. వీరు 1966లో గతించిరి. 1976లో ప్రభుత్వమువారు వీరి చిత్రములను దేశము దాటింపరాని కళానిధులుగా ప్రకటించిరి. పందిరి బొమ్మలును వానిలోనివే.

ప్రతి బాలుడును నందలాలుగా డని మేమెరుగుదుము. కాని మగ్గముపై అంచు నేయువానికిని, ఇల్లు కట్టు మేస్త్రీకిని, శాస్త్రపు నోటుపుస్తకములో కప్పబొమ్మ వేయు బాలికకును చూచు కన్ను, చెప్పినట్లు వినుచేయి కావలెను గదా! వారమున కొక్క గంట యందుల కెక్కువ కాదు. కావున ఈయేడు పరీక్షల నెలలో సైతము ఆ గంటను ఎవరును బదులడుగవలదనియు, తలిదండ్రులు పిల్లలకొక రంగులపెట్టె కొనిపెట్టవలెననియు మా ప్రార్థన.