రెండో ఇన్నింగ్స్ ఉందిలే

చదువవలసిన వాక్యభాగములు: అపొస్తలుల కార్యములు 13:13; 15:36–40; 2 తిమోతి 4:11



ప్రతి నెలా ఈ పేజీలో మేము ఒక వాక్యము తీసుకొని మాట మొదలుపెడతాము. ఈ నెల మాత్రము ఒక టీ అంగడి బల్ల దగ్గర మొదలుపెడుతున్నాము. ఎందుకంటే ఈసారి మాకు పాఠము దొరికింది అక్కడే.

జమ్మలమడుగు నుండి గండికోటకు పోయే దారిలో ఆ అంగడి ఉంది. పెన్నానది లోయను, కోటను చూడడానికి వచ్చే బయటి ఊళ్ళవారు ఆదివారము అక్కడ ఆగి టీ తాగుతారు. తక్కిన రోజుల్లో సాయంత్రమైతే మన చుట్టుపక్కల ఊళ్ళ మగవారు చేరుతారు. నాపరాళ్ళ గనుల్లో పని చేసేవారు, ఆటోలు నడిపేవారు, చేను పని ముగించుకొని వచ్చేవారు. అక్కడ ఒక టీవీ ఉంది. క్రికెట్టు వచ్చిందంటే చాలు, బల్లమీద చోటు దొరకదు.

2025 జూలైలో మేము ఒక ఇంటి ప్రార్థన ముగించుకొని వస్తూ అక్కడ ఆగాము. బర్మింగ్‌హామ్‌లో ఇంగ్లండుతో టెస్టు జరుగుతున్నది. మన విశాఖపట్నము అబ్బాయి నితీశ్ కుమార్ రెడ్డి రెండు ఇన్నింగ్స్‌లోనూ ఒక్కొక్క పరుగుకే ఔటైనాడు. అంగడిలో పెద్ద వాదన.

"ఇంగ చాలప్పా! కొత్తోడు, కొత్తోడు అని ఎన్ని మ్యాచ్‌లు ఇస్తారు?" అన్నాడొకడు.

"ఆర్నెల్ల కింద మెల్బోర్న్‌లో 114 కొట్టింది ఎవరు? అప్పుడే మర్చిపోయినావా? చిన్నపిల్లోడు, ఇంగొక అవకాశము ఇయ్యాల," అని ఇంకొకడు.

మేము నవ్వుకుంటూ కూర్చున్నాము. అంతలో బల్ల చివర కూర్చున్న ఒక సహోదరుడు మమ్మును చూసి తల వంచుకున్నాడు. ఆయన మా సంఘస్థుడే. వయసు నలభై దాటింది. రాళ్ళ పాలీషు పని. మూడు ఆదివారములుగా గుడికి రాలేదు. ఎందుకు రాలేదో మాకు తెలుసు. తెలిసీ మేము చేసినది ఏమిటో ఇక్కడ ఒప్పుకోవలసి ఉన్నది.

ఆ అంగడిలో కూర్చునే ఐదుగురు బీడీలు మానుకుందామని మాట అనుకున్నారు. వారిలో ఈయన ఒకడు. ఆ సంగతి సంఘములో సాక్ష్యముగా చెప్పాడు, అందరమూ సంతోషించాము. పంతొమ్మిది రోజులు నిలబడ్డాడు. ఇరవయ్యో రోజు పని దగ్గర ఏదో గొడవ జరిగి, మనసు చెడి, ఒక బీడీ వెలిగించాడు. మేము ఆయన ఇంటికి వెళ్ళి, భార్యాబిడ్డల ముందే, "దేవుని యెదుట చెప్పిన మాటకు ఇదేనా విలువ?" అన్నాము. గద్దించడము కాపరి పని అనుకున్నాము. ఆయన మారు మాటాడలేదు. ఆ తరువాత గుడికే రావడము మానేశాడు.

ఆ సాయంత్రము ఆయన జేబులో బీడీ కట్ట కనబడుతున్నది. పక్కనున్న కుర్రవాడు, మన విశ్వాసి కాడు, దాన్ని చూసి ఏమన్నాడో వినండి. "అన్నా, మొదటి ఇన్నింగ్స్‌లో ఔటైనావు, అంతే కదా. రెండో ఇన్నింగ్స్ ఉందిలే. ఆ కట్ట ఇట్ల ఇయ్యి." ఆయన ఇచ్చాడు. అంగడి యజమాని వేయించిన శెనక్కాయలు గుప్పెడు తెచ్చి ఆయన ముందు పోశాడు. తిరిగి వాదన నితీశ్ మీదికి పోయింది.

అంతే జరిగింది. కాని మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. టీవీలో కనబడే ఒక ఆటగాడికి పది మంది "ఇంకొక అవకాశము" అడుగుతున్నారు. మన పక్క బల్లమీద కూర్చునే సహోదరునికి మేము ఆ ఒక్క అవకాశము ఇవ్వలేకపోయాము.

కొత్తగా ఆటలోనికి వచ్చినవారి సంగతి ఆలోచించండి. సచిన్ టెండుల్కర్ 1989లో పాకిస్తాను మీద ఆడిన తన మొదటి వన్డేలో పరుగేమీ చేయకుండా ఔటైనాడు. వన్డేల్లో ఆయన మొదటి సెంచరీ ఎప్పుడు వచ్చింది? దాదాపు ఐదేండ్ల తరువాత, 1994 సెప్టెంబరులో, తన 79వ మ్యాచ్‌లో. ఆస్ట్రేలియా స్పిన్ బౌలరు షేన్ వార్న్ 1992 జనవరిలో సిడ్నీలో మన దేశము మీదనే మొదటి టెస్టు ఆడాడు. 150 పరుగులిచ్చి తీసినది ఒకే ఒక్క వికెట్టు. ఆ రోజే పంపివేసి ఉంటే తరువాత తీసిన వికెట్లు ఉండేవి కావు. టెస్టుల్లో ఆయన మొత్తము 708 తీశాడు.

ఇదే వార్న్ 1999లో పొగ మానడానికి తోడ్పడే మందు అమ్మే ఒక కంపెనీతో ఒప్పందము చేసుకొని, ఆ తరువాత సిగరెట్టుతో పట్టుబడి పత్రికలకెక్కాడు. లోకమంతా నవ్వింది. బంతిని తన ఇష్టము వచ్చినట్టు తిప్పగలిగిన చేతికి సిగరెట్టు వదలడము అంత కష్టమైంది. ఈ మాట ఆయనను తక్కువ చేయడానికి చెప్పడము లేదు. మన ఇంటిలోని మనిషి పోరాటము ఎంత పెద్దదో తెలియడానికి చెబుతున్నాము.

మన కడప జిల్లా బిడ్డ శ్రీచరణి సంగతి మీకు తెలిసినదే. వీరపునాయునిపల్లె మండలము ఎర్రమల్లె గ్రామము. 2025 ఏప్రిల్‌లో దేశము తరపున మొదటి వన్డే ఆడింది. ప్రపంచ కప్పు నాటికి ఆమె ఐదారు నెలల ఆటగత్తె మాత్రమే. "ఇంత కొత్త పిల్లను అంత పెద్ద పోటీకి పంపుతారా?" అని ఆ అంగడిలోనే వాదించుకున్నారు. ఆ పోటీలో ఆమె 14 వికెట్లు తీసింది. 2025 నవంబరు 2న మన అమ్మాయిలు దక్షిణాఫ్రికాను ఓడించి కప్పు తెచ్చారు. ఎవరో ఒకరు నమ్మి బంతి చేతికిచ్చినందుకే కదా అది జరిగింది!

ఇక్కడ ఇంకొక విచిత్రము చెప్పాలి. మేము బడిలో చదువుకునే రోజుల్లో, 1996లో, మన దేశములో ప్రపంచ కప్పు పోటీలు జరిగాయి. దానికి "విల్స్ వరల్డ్ కప్" అని పేరు. అది ఒక సిగరెట్టు పేరు. మన ఆటగాళ్ళ చొక్కాల మీద కూడా ఆ పేరే ఉండేది. పిల్లలము మేము ఆ చొక్కాలను చూసి మురిసిపోయేవారము. ఆటను ప్రేమించే పిల్లవాని కళ్ళకు సిగరెట్టు పేరును అలవాటు చేశారు. తన తండ్రికి ఇచ్చిన మాట ప్రకారము పొగాకు ప్రకటనలలో తాను నటించలేదని టెండుల్కర్ చెప్పాడు. ఒక తండ్రి తీసుకున్న మాట ఎంత పని చేసిందో తలిదండ్రులు గమనించండి. 2003లో చట్టము వచ్చి పొగాకు ప్రకటనలను నిషేధించింది. 2008 అక్టోబరు 2 నుండి బహిరంగ స్థలములలో పొగ తాగడము దేశమంతటా నిషేధింపబడింది. ఆ టీ అంగడి కూడా బహిరంగ స్థలమే.

అయినా అలవాటు పోలేదు. 2016–17లో ప్రభుత్వము చేయించిన సర్వేలో, మన దేశములో పదిహేనేండ్లు దాటినవారిలో నూటికి సుమారు 29 మంది ఏదో ఒక రూపములో పొగాకు వాడుతున్నారని తేలింది. సిగరెట్టు తాగేవారికంటే బీడీ తాగేవారే ఎక్కువ. బీడీ చిన్నది, ఆకుతో చుట్టినది, అంత చెరుపు చేయదని మన పల్లెల్లో అనుకుంటారు. అది నిజము కాదు. తునికాకు త్వరగా ఆరిపోతుంది గనుక మాటిమాటికీ గట్టిగా పీల్చాలి. ఆ పీల్చినప్పుడెల్లా విషము లోపలికి ఎక్కువగా పోతుంది. రాళ్ళ దుమ్ములో పని చేసే మన సహోదరుల ఊపిరితిత్తులకు ఆ దుమ్ము ఒక దెబ్బ, బీడీ రెండో దెబ్బ.

మరి తెలిసీ ఎందుకు మానలేరు? బీడీలోని నికోటిన్ అనే పదార్థానికి మెదడు అలవాటు పడుతుంది. అది అందకపోతే మొదటి కొన్ని రోజులు చిరాకు, నిద్రలేమి, తలనొప్పి, ఊరకే కోపము వస్తాయి. కొన్ని వారములలో ఇవి తగ్గుతాయి. తాగాలనే కోరిక పుట్టినప్పుడు అది సాధారణముగా కొద్ది నిమిషములే గట్టిగా ఉంటుంది. ఆ కొద్ది నిమిషములలో పక్కన మనిషి ఉన్నాడా లేదా అన్నదే పెద్ద సంగతి. మానినవారిలో చాలామంది ఒక్క ప్రయత్నములో మానినవారు కారు. పడి, లేచి, మళ్ళీ పడి, లేచినవారే. మానిన ఏడాదికి గుండెజబ్బు ముప్పు సుమారు సగానికి తగ్గుతుంది. పదేండ్లకు ఊపిరితిత్తుల క్యాన్సరుతో చనిపోయే ముప్పు కూడా, తాగుతూ ఉన్నవారితో పోలిస్తే, సుమారు సగానికి వస్తుంది.

ఇప్పుడు వాక్యములోనికి వద్దాము. మార్కు అనబడిన యోహాను పౌలుతోను బర్నబాతోను సువార్త పనికి బయలుదేరిన యౌవనుడు. పంఫూలియలోని పెర్గేకు రాగానే వారిని విడిచి యెరూషలేముకు తిరిగి వెళ్ళిపోయాడు. ఎందుకు వెళ్ళాడో గ్రంథము చెప్పదు. రెండవ ప్రయాణములో అతనిని తీసుకొని పోదామని బర్నబా, వద్దని పౌలు. వాదము తీవ్రమై ఇద్దరూ వేరైపోయారు. ఎంపిక విషయములో గొడవపడడము మన అంగడివారితోనే మొదలు కాలేదు! బర్నబా మార్కును వెంటబెట్టుకొని కుప్రకు ఓడ ఎక్కాడు. ఆదరించువాడు అని అర్థమిచ్చే ఆ పేరును ఆయనకు అపొస్తలులే పెట్టారు. ఆయన పేరుకు తగినట్టే నడుచుకున్నాడు.

ఫలితమేమి? సంవత్సరములు గడిచాక చెరసాలలోనుండి వ్రాస్తూ, మార్కును తీసుకొని రమ్మని, అతడు పరిచర్యకు తనకు ప్రయోజనకరమైనవాడని పౌలే చెప్పాడు. వద్దన్న నోరే రమ్మన్నది. మధ్యలో బర్నబా లేకపోతే మనకు ఆ వచనము ఉండేదా?

ఒక్క మాట జాగ్రత్తగా వినండి. బర్నబా మార్కు తప్పును ఒప్పు అనలేదు. ఇంటిలో కూర్చోబెట్టి ఓదార్చలేదు. పనిలోనికి తీసుకొని పోయాడు. బీడీ తాగినవానిని "ఏమి కాదులే" అనడము ప్రేమ కాదు. మన దేహము పరిశుద్ధాత్మకు ఆలయమని 1 కొరింథీయులు 6:19లో చదువుతున్నాము. ఆ కుర్రవాడు "ఏమి కాదులే" అనలేదు. "కట్ట ఇట్ల ఇయ్యి" అన్నాడు. ఆదరణ అంటే అది.

కుటుంబములవారికి కొన్ని మాటలు. భార్యలారా, ఆయన మానిన మొదటి వారములో చిరాకు పడితే అది మీమీద ద్వేషము కాదని గ్రహించండి. నీళ్ళు, సోంపు, శెనక్కాయలు చేతికి అందేలా పెట్టండి. బిడ్డలను బీడీల కోసము అంగడికి పంపవద్దు. పద్దెనిమిదేండ్లలోపు వారికి వాటిని అమ్మడము చట్టరీత్యా నేరము కూడాను. సహోదరులారా, ఒంటరిగా మానడానికి చూడకండి, ఇద్దరు ముగ్గురు కలిసి మానండి. 1800-11-2356 అనే ఉచిత ఫోను నంబరు పొగాకు ప్యాకెట్ల మీదనే ఉంటుంది, దానికి ఫోను చేస్తే మానే మార్గము చెబుతారు. దగ్గు తగ్గనివారు, ఉమ్మిలో రక్తము చూచినవారు ఆలస్యము చేయక వైద్యుని దగ్గరకు వెళ్ళండి. ప్రార్థన చేయండి, వైద్యమూ చేయించుకోండి. రెండూ దేవుడిచ్చినవే.

ఆ మరునాడు మేము ఆ సహోదరుని ఇంటికి వెళ్ళి, ఆయన భార్యాబిడ్డల ముందే క్షమాపణ అడిగాము. వారి ముందు అన్న మాటను వారి ముందే వెనక్కి తీసుకోవాలి కదా. ఆ ఆదివారము ఆయన గుడికి వచ్చాడు. జూలై నుండి నవంబరు వరకు బీడీ ముట్టలేదు. కప్పు గెలిచిన రాత్రి అంగడిలో అందరికంటే గట్టిగా అరిచింది ఆయనేనని చెప్పారు.

కథ అక్కడితో ముగిస్తే బాగుండును. కాని నిజము చెప్పాలి. క్రిస్మస్ తరువాత ఒక పెళ్ళిలో, బంధువుల మధ్య, మళ్ళీ ఒకటి వెలిగించాడు. అయితే ఈసారి దాక్కోలేదు. తెల్లవారకముందే మా వాకిట నిలబడ్డాడు.

"అయ్యగారూ, మళ్ళా ఔటైనాను. టెస్టులో ఇన్నింగ్స్ రెండే కదా," అన్నాడు.

పేతురు ప్రభువును అడిగిన ప్రశ్న మాకు జ్ఞాపకము వచ్చింది. ఏడు మారుల మట్టుకా అని అతడు అడిగితే, ప్రభువు చెప్పిన లెక్క మత్తయి 18వ అధ్యాయములో ఉంది. "ఆటలో రెండే నాయనా. ఆయన దగ్గర ఇంకా ఉన్నాయి. లోపలికి రా," అన్నాము. ఇద్దరము మోకరించాము. ఆ దినము నుండి ఆయన తిరిగి లెక్క మొదలుపెట్టాడు.

మీ ఊరిలో, మీ ఇంటిలో, మీ పక్క బల్లమీద తల వంచుకొని కూర్చున్నవాడు ఎవడైనా ఉన్నాడా? ఈ నెల వానికి మీరు బర్నబాగా ఉండండి. పడిన వానిని లేవనెత్తే దేవుడు మనలను, మన కుటుంబములను ఆశీర్వదించును గాక. ఆమేన్.