మా యింటి ముచ్చట్లు: గొంగళికి మాసిక

"ఎక్కడ వేసిన గొంగళి అక్కడే" అని పని సాగని యిళ్ళను గురించి మనవాళ్ళు సామెత చెబుతారు. మా యింట్లో ఆ సామెత అక్షరాలా నిజమైంది. మా అత్తగారి నల్ల గొంగళి, ఆవిడ పోయిన నాటినుంచీ పెట్టె అడుగున పెట్టింది పెట్టినట్టే వుండిపోయింది. వేపాకు వేసి వుంచడంవల్ల పురుగు పట్టలేదు గాని, క్రిందటి చలికాలంలో మా మనుమడు బయటికి లాగేసరికి నడుమ నాలుగు వేళ్ళు దూరేటంత చిరుగు కనిపించింది.

"పారెయ్యి నాయనమ్మా, ఫోనులో మెత్తని రగ్గు తెప్పిస్తాను" అన్నాడు వాడు.

పారెయ్యడానికి నాకు మనసొప్పలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం యేర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయాయి. బళ్ళారి మైసూరులో చేరింది. మా అత్తగారి పుట్టిల్లు గీతకు అవతల, మెట్టినిల్లు యివతల పడ్డాయి. ఆ గొంగళి పుట్టింటివారు పెట్టినది. ఆవిడ పిల్లలందరినీ అందులోనే చుట్టి పెంచింది. అలాంటిదాన్ని చిరుగు పడిందని పారేస్తామా?

మాసిక వెయ్యాలంటే అదే రకం దారం కావాలి. బజారులో ఉన్ని అని అమ్మేది చాలామట్టుకు రంగురంగుల యంత్రపు దారం; గొర్రె మొహం చూసినది కాదు. చివరికి తెలిసినవాళ్ళు చెప్పగా వూరి బయట పల్లెలో వొక కురుబ ముసలమ్మ దగ్గరికి వెళ్ళాను. కన్నడంలో కురుబలు, తెలుగులో కురుమలు. మాట మారినా మందా మగ్గమూ వొకటే. మహారాష్ట్రలోనూ గొంగళిని ఘోంగడి అనే అంటారు. భాషలకు గీతలున్నాయి గాని గొర్రెల దారికి లేవు.

నేను ఆవిడను "అవ్వా" అని పిలిచాను. మనకు అవ్వ అంటే నాయనమ్మో అమ్మమ్మో గదా! ఆ వైపు కన్నడంలో అవ్వ అంటే తల్లి. ఆవిడ ముఖం విప్పారింది. "కూతురివై వచ్చావు, కూర్చో తల్లీ" అంది.

దారం అమ్మమన్నాను. "అమ్మను. నీ గొంగళికి నీవే వడుకుకో. ఉన్ని నేనిస్తాను" అంది. కొట్టం మూలనుంచి వొక గోతాం తెచ్చి నా ముందు గుమ్మరించింది. చెల్లెళ్ళారా, ఆనాడు మొదలుపెట్టి ఆరు వారాలు, వారానికొకసారి ఆవిడ అరుగుమీద కూర్చున్నాను. నేర్చుకున్నది మీకూ చెబుతాను.

మన దక్కను గొర్రె ఉన్ని ముతక. మెరినో గొర్రెలాగా వొంటికి తొడుక్కునే మెత్తని స్వెట్టరుకు పనికిరాదు. కంబళికి మాత్రం దీన్ని మించినది లేదు. చాలా గొర్రెలు పుట్టుకతోనే నలుపు గనుక రంగు అద్దే పని లేదు. ఏడాదికి రెండుసార్లు, ముందు చెరువులో కడిగి, ఆరాక కత్తిరిస్తారు. అంతా కలిపినా గొర్రెకు ఏడాదికి అరకిలోకు అటూయిటూగానే వస్తుంది. అంటే వొక గొంగళి వెనక నాలుగైదు గొర్రెల ఏడాది ఎండావానా వున్నాయన్న మాట.

మొదటి పని యేరడం. పల్లేరు ముళ్ళు, గడ్డిపోచలు, పేడ అంటిన కొసలు తీసేసి, వేళ్ళతో విడదీయాలి. దూదిని ఏకినట్టే దీన్నీ వింటితో కొట్టి పొంగిస్తారు. మనం యింట్లో చేతులతో చీల్చుకున్నా కొద్దిపాటికి సరిపోతుంది. తరువాత బొటనవేలంత లావున ఏకులుగా చుట్టుకోవాలి.

ఇక వడకడం. అవ్వకు రాట్నం వుంది గాని, నేర్చుకునేవాళ్ళకు కదురే మేలంది. జానెడు పొడుగు నున్నని పుల్లకు క్రిందివైపు కొయ్య బిళ్ళ తగిలిస్తే కదురు అయిపోయింది. పైకొసకు వొక గాటు వుండాలి. మొదట మూరెడు పాత దారం కట్టి, ఏకు కొసను దానికి అతికించి, కుడిచేత్తో కదురు తిప్పుతూ, ఎడమచేత్తో ఉన్నిని కొద్దికొద్దిగా వదలాలి. కిటుకంతా ఆ వదలడంలోనే వుంది. పురి ముందు పరుగెత్తితే దారం ముడుచుకుపోయి గంటు పడుతుంది. పురి వెనకబడితే పోగు విడిపోయి కదురు నేలపాలవుతుంది. మొదటి రోజు నా కదురు యెన్నిసార్లు పడిందో లెక్కపెట్టి అవ్వ మనుమరాలు పకపక నవ్వింది.

పురి సరిపోయిందో లేదో తెలుసుకునే ఉపాయం వొకటుంది. జానెడు దారం తీసి మధ్యకు మడిచి వదలండి. దానంతట అదే మెలిపడితే సరిపోయినట్టు. బద్ధకంగా వేలాడితే పురి చాలలేదన్న మాట. మాసికకు గట్టిదనం కావాలంటే రెండు పోగులు కలిపి, మొదటి పురికి యెదురువైపుగా పేనాలి. చివరకు గోరువెచ్చని నీళ్ళలో నానవేసి, చిన్న బరువు కట్టి ఆరవేస్తే దారం బుద్ధిగా నిలుస్తుంది.

ఒక్క హెచ్చరిక. ఉన్నిని మరిగే నీళ్ళలో వేసి పిసకవద్దు. ప్రతి ఉన్నిపోగు మీదా కంటికి కనబడని పొలుసులుంటాయి. వేడి, తడి, రాపిడి మూడూ కలిస్తే అవి వొకదానిలో వొకటి చిక్కుకుని బట్ట కుంచించుకుపోతుంది. కుంకుడు రసం కలిపిన చల్లని నీళ్ళే మంచివి. వాన చినుకుల్లో గొర్రెలకాపరి గొంగళి కప్పుకుని వెచ్చగా నిలబడగలగడానికి కారణం కూడా ఉన్ని గుణమే. తన బరువులో నూటికి ముప్పై వంతుల దాకా తేమను పీల్చుకుని కూడా ఉన్ని చేతికి తడి తెలియనివ్వదు.

నాలుగో వారం వెళ్ళేసరికి అవ్వ మాట్లాడలేదు. కొడుకు మందలోకి నెల్లూరు పొట్టేలును తెచ్చాడట. నెల్లూరు గొర్రెకు వెంట్రుకలేగాని ఉన్ని వుండదు, మాంసానికి మంచిది. ఆ అబ్బాయిని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. "అమ్మా, కత్తిరించేవాడికిచ్చే కూలి కూడా ఉన్నిమీద రావడం లేదు. కొన్నిసార్లు గట్టు మీదే పారబోస్తున్నాం. పిల్లకు కాలేజీ ఫీజు కట్టవద్దా?" అన్నాడు. మాటలో న్యాయం వుంది. అవ్వ కోపంలోనూ న్యాయం వుంది. రెండు తరాలు సంకరం జరిగితే నల్ల ఉన్ని మందలోనుంచి పోతుంది. పోయిన తరువాత కావాలన్నా రాదు.

ఇద్దరి నడుమా నేనేం చెప్పను? కొంగున వున్న డబ్బు తీసి ఆ గోతాం ఉన్నికి అబ్బాయి చెప్పినంతా యిచ్చాను. పైగా మా వీధిలో నలుగురు కంబళ్ళు కొంటారని మాట యిచ్చి వచ్చాను. ఆ మాట నిలబెట్టుకోవడానికి యిల్లిల్లూ తిరిగాను. ముగ్గురే వొప్పుకున్నారు. నాలుగోది నేనే కొన్నాను.

మళ్ళీ వారం వెళ్ళేసరికి కొడుకు ఆరు నల్ల గొర్రెలనూ, వొక నల్ల పొట్టేలునూ విడిగా కట్టాడు. "ఇవి అమ్మవి. వీటి జోలికి రాను" అన్నాడు. మందంతా నిలబడలేదు గాని, విత్తనం మిగిలింది. మనుమరాలు ఆ రోజు నవ్వకుండా కదురు చేతికి తీసుకుంది.

కంబళి కొనదలచినవాళ్ళకు వొక పరీక్ష చెబుతాను. అంచునుంచి వొక పోగు లాగి, జాగ్రత్తగా పళ్ళెంలో పెట్టి కాల్చి చూడండి. జుట్టు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయితే అది ఉన్ని. కరిగి గట్టి పూసలా ముద్దకడితే అది ప్లాస్టిక్ సంతతి. కొత్తలో నిజమైన గొంగళి గరగరలాడుతుంది. చింతగింజల గంజి పెట్టిన పడుగు గనుక బిర్రుగానూ వుంటుంది. వాడినకొద్దీ మెత్తబడుతుంది. కోడళ్ళూ అంతే గదా, అత్తలూ అంతే!

మా గొంగళి మాసిక పూర్తయింది. నా దారం వొకచోట లావు, వొకచోట సన్నం. దూరంనుంచి చూసినా అతుకు తెలిసిపోతుంది. మా మనుమడు దాన్ని వేలితో తడిమి, "ఇది నీదా నాయనమ్మా?" అన్నాడు. "ఇది నాది, మిగిలినది మీ ముత్తవ్వది" అన్నాను. మొన్న రాత్రి చూస్తే వాడే కప్పుకుని పడుకున్నాడు.

మీ పెట్టెల అడుగున కూడా వొక గొంగళి వుండే వుంటుంది. ఈ ఆదివారం తీసి యెండలో వెయ్యండి. చిరుగుంటే భయపడకండి.